అరగొండ గుండె డాక్టరు గారి కథ

ఈ నెల ఏ వైద్యుణ్ణి పరిచయం చేద్దామన్న మాట వచ్చినప్పుడు కార్యవర్గంలో రెండు పక్షాలు తేలాయి. ఇక్కడే, జెబెల్ అలీ చుట్టుపక్కల ప్రాక్టీసు చేస్తున్న తెలుగు డాక్టర్లలో ఒకరిని గురించి వ్రాయమన్నారు కొందరు. అలా వ్రాస్తే అది పరిచయం కాదు, ప్రకటన అవుతుందన్నారు ఇంకొందరు. చివరకు ఏ పేచీ లేకుండా డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి గారిని ఎంచుకొన్నాము. అపోలో ఆసుపత్రుల అధినేతగా ఆయన పేరు వినని వారుండరు. కాని ఆయన అసలు చదువు గుండె వైద్యమనీ, అపోలో అన్న పేరు పుట్టకముందు మద్రాసులో రోగుల ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, మందుచీటీ వ్రాసిచ్చి పంపిన ప్రైవేటు డాక్టరనీ చాలామందికి గుర్తుండదు. మాకు కావలసింది ఆ భాగమే. పెద్ద పెద్ద భవనాల సంగతి పత్రికలలో ఎప్పుడూ వస్తూనే ఉంటుంది.

ఆయన ఊరు చిత్తూరు జిల్లా అరగొండ. ఈ ఊరి పేరు వెనుక ఒక కథ ఉంది. లక్ష్మణుడు మూర్ఛపోయినప్పుడు హనుమంతుడు సంజీవి కొండను ఎత్తుకొని ఆకాశమార్గాన పోతూ ఉంటే, అందులో ఒక సగం విరిగి ఇక్కడ పడిందట. ఆ అర కొండే అరగొండ అయిందంటారు. కొండ మీద వీరాంజనేయస్వామి గుడి ఉంది. అర్ధగిరి అంటారు. అక్కడి కోనేటి నీళ్లు తాగితే రోగాలు పోతాయని దూరదూరాల నుంచి జనం వచ్చి సీసాలలో, క్యానులలో పట్టుకుపోతారు. మందుల కొండ పడిన ఊళ్లో పుట్టినవాడు మందుల వ్యవహారమే చేపట్టాడని అక్కడివారు చమత్కరిస్తే తప్పు పట్టలేము. చిత్తూరు ప్రాంతం వారికి పెద్ద జబ్బు అంటే ముందుగా గుర్తుకొచ్చేది వేలూరు. ఐడా స్కడర్ అనే అమెరికా వైద్యురాలు 1900లో ఆరంభించిన చిన్న వైద్యశాల పెరిగి పెద్దదై క్రిస్టియన్ మెడికల్ కాలేజీ అయింది. జిల్లా సరిహద్దు దాటితే చాలు. ఆసుపత్రి కోసం ఊరు దాటడం అక్కడివారికి కొత్త కాదు.

ప్రతాప్ రెడ్డి గారు 1933లో పుట్టారు. చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు జిల్లా ఇటు వచ్చింది గాని, చదువుకొనే కుర్రవాళ్ల చూపు అటే ఉండేది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, తరువాత స్టాన్లీ మెడికల్ కాలేజీలో డాక్టరు పట్టా పుచ్చుకొన్నారు. అక్కడి నుంచి అమెరికా. బోస్టన్ నగరంలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో గుండె వైద్యంలో శిక్షణ పొందారు. మిస్సోరీ రాష్ట్రపు ఛాతీ వ్యాధుల ఆసుపత్రిలో పరిశోధనలు నడిపారు.

ఆ సంవత్సరాలలో గుండె వైద్యం ఎంత వేగంగా మారిందో కొంచెం చెప్పాలి. లేకపోతే తరువాతి కథ అర్థం కాదు. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ అనే వైద్యుడు గుండెకు రక్తం తీసుకుపోయే ధమనులలోకి సన్నని గొట్టం ద్వారా రంగు మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూడడం కనుగొన్నాడు. మనం ఇవాళ యాంజియోగ్రామ్ అనేది అదే. అంతవరకు ఛాతీనొప్పి అని వచ్చినవాడి గుండెలో ఏ ధమని ఎక్కడ పూడుకొందో వైద్యుడు ఊహించాలే తప్ప చూడలేడు. పూడిక కనబడింది సరే, తరువాత? 1967లో అదే క్లీవ్‌లాండ్‌లో అర్జెంటీనా నుంచి వచ్చిన రెనె ఫవలోరో అనే సర్జను కాలిలోని సిరను తీసి, పూడుకొన్న చోటును తప్పించి రక్తానికి పక్కదారి వేశాడు. ఆపరేషను లేకుండా బెలూనుతో ధమనిని వెడల్పు చేసే పద్ధతిని ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ 1977లో జ్యూరిక్‌లో చేసి చూపాడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి గుండె జబ్బు తలరాత అనే దశ నుంచి మరమ్మతు అనే దశకు వచ్చింది. అయితే ఆ మరమ్మతు షెడ్డులన్నీ సముద్రాలకు ఆవల ఉన్నాయి.

అమెరికాలో స్థిరపడిన డాక్టరుకు ఇక ఏమి లోటు? పెళ్లాం, నలుగురు ఆడపిల్లలు, మంచి ఉద్యోగం. అటువంటి సమయంలో తండ్రిగారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. తిరిగి రమ్మనీ, నేర్చుకొన్నది ఇక్కడివారికి ఉపయోగపడాలనీ దాని సారాంశమని డాక్టరు గారే పలుమార్లు చెప్పుకొన్నారు. 1970లలో కుటుంబంతో సహా వచ్చేశారు. ఈ ఘట్టం దగ్గర మన సభ్యులు ఒక్క నిమిషం ఆగుతారని మాకు తెలుసు. మనలో అటువంటి ఉత్తరం అందుకోని ఇల్లు ఏది? వెనుక కవరులో వచ్చేది, ఇప్పుడు ఫోనులో వస్తుంది. అంతే తేడా. ఇంకో రెండేళ్లు అంటూ మనం జవాబు చెబుతాము. ఆయన అలా చెప్పలేదు. ఆయన గొప్పవాడు, మనం కాము అని దీని అర్థం కాదు. అమెరికా పట్టా ఉన్న గుండె డాక్టరు మద్రాసులో దిగితే మొదటి రోజు నుంచే రోగులు వస్తారు. కంటెయినర్లు దించే క్రేను ఆపరేటరు కరీంనగర్‌లో దిగితే ఏమి వస్తుంది? తిరిగి వెళ్లడానికి ధైర్యంతో బాటు చేతిలో పని కూడా ఉండాలి.

మద్రాసులో ఆయన ప్రాక్టీసు పెట్టారు. అప్పటి గుండె నిపుణుడి చేతిలో ఉన్న సాధనాలు ఏమిటి? స్టెతస్కోపు, ఈ.సీ.జీ. యంత్రం, ఛాతీ ఎక్స్‌రే. నాలుక కింద పెట్టుకొనే మాత్ర, గుండెకు బలమిచ్చే డిజిటాలిస్, నీరు తీసే మందులు, విశ్రాంతి, ఉప్పు తగ్గించమని సలహా. జబ్బును గుర్తించడంలో మన డాక్టర్లు ఎవరికీ తీసిపోరు. గుర్తించాక చేయవలసింది చేయడానికే సదుపాయం లేదు. పూర్తిగా లేదనీ అనరాదు. 1975లో మద్రాసులోనే, పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో, డాక్టర్ కె.ఎం. చెరియన్ గారు దేశంలో మొదటి బైపాస్ ఆపరేషను చేశారు. ఈ సంగతి అపోలో కథ చెప్పేవారు చాలామంది వదిలేస్తారు. కాని అది ముఖ్యంగా రైల్వే ఉద్యోగుల ఆసుపత్రి. దేశమంతటి రోగులకూ అది సరిపోయేది కాదు. అందుచేత ప్రైవేటు గుండె డాక్టరు చాలాసార్లు చేసే పని ఒకటే: ఉత్తరం వ్రాసి పై దేశానికి పంపడం. ఎక్కువగా వినబడిన పేరు టెక్సాస్‌లోని హూస్టన్. డెంటన్ కూలీ, మైకేల్ డిబేకీ అనే మహా సర్జనులు ఉన్న ఊరు. టిక్కెట్టు, ఆపరేషను, తోడు మనిషి ఖర్చు ఒక ఎత్తు. ఆ రోజుల విదేశీ మారకద్రవ్యపు నిబంధనల ప్రకారం డాలర్లకు అనుమతి తెచ్చుకోవడం ఇంకో ఎత్తు. గుండె ఆగేది ఆగుతుంది, ఫైలు కదిలేది కదులుతుంది.

1979లో ఆయన దగ్గరకు వచ్చిన ఒక రోగి కథ అలాగే ముగిసింది. నలభై నిండని మనిషి. అమెరికా వెళ్లి ఆపరేషను చేయించుకోవాలి. డబ్బు సమకూరలేదు. చనిపోయాడు. భార్య, చిన్న పిల్లలు మిగిలారు. డాక్టరు వృత్తిలో చావు చూడనిదేమీ కాదు. కాని ఈ చావుకు కారణం జబ్బు కాదు, దూరమూ డబ్బూ అని ఆయనకు తోచింది. అమెరికాలో అది తప్పించదగిన చావు అని ఆయనకు స్వయంగా తెలుసు. ఆ పని చేసే చోట చేతులారా పనిచేసి వచ్చినవాడాయన. తెలియనివాడికి విధి అనిపించేది, తెలిసినవాడికి నేరంలా కనిపిస్తుంది. అదే సంవత్సరం డిసెంబరులో అపోలో సంస్థ నమోదయింది.

మన చోటు గురించి ఒక చిన్న ముచ్చట. అదే 1979 ఫిబ్రవరిలో ఇక్కడ జెబెల్ అలీ ఓడరేవును బ్రిటిష్ రాణి ఎలిజబెత్ వచ్చి ప్రారంభించారు. ఇసుకలో తవ్విన రేవుకు ఓడలు ఎక్కడ నుంచి వస్తాయని నవ్వినవారు అప్పుడు ఉన్నారు. ఫ్రీ జోన్ 1985లో వచ్చింది. మద్రాసులో ప్రైవేటు ఆసుపత్రికి డబ్బు పెట్టేదెవరని నవ్వినవారూ అప్పుడే ఉన్నారు.

నవ్వడంలో తప్పు లేదు కూడా. ఆసుపత్రి అంటే ఆ రోజుల్లో ప్రభుత్వానిది, లేదా మిషనరీలది, లేదా డాక్టరు మేడ మీద ఉన్న పది మంచాల నర్సింగ్ హోము. బ్యాంకులు ఫ్యాక్టరీకి అప్పిస్తాయి, ఆసుపత్రికి ఇవ్వవు. విదేశీ యంత్రం తెప్పించాలంటే లైసెన్సు కావాలి, పైన భారీ సుంకం. ఢిల్లీ కార్యాలయాల చుట్టూ తిరిగి తిరిగి, ఇందిరాగాంధీ గారిని కలిసి ఒప్పించి, ఒక్కొక్క నిబంధననూ సడలించుకొన్నారు. సంస్థ వాటాలను జనానికి అమ్మారు. గుండె డాక్టరు పెట్టుబడుల పనిలో పడ్డాడేమిటని వృత్తిలోని వారు గొణిగి ఉంటారు. 1983 సెప్టెంబరు 18న మద్రాసు గ్రీమ్స్ వీధిలో 150 మంచాల ఆసుపత్రిని రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ ప్రారంభించారు. పేరు గ్రీకుల దేవుడిది. సూర్యుడికీ వైద్యానికీ కూడా ఆయనే దేవుడట. ఆరోగ్యం సూర్యుణ్ణి అడగాలని మన పెద్దలూ అన్నారు గనుక ఆ పేరు మనకేమీ కొత్తగా లేదు. 1988లో హైదరాబాదు జూబిలీ హిల్స్‌లో రెండో పెద్ద ఆసుపత్రి వచ్చింది. విదేశాలలో ఉన్న మన డాక్టర్లు అనేకులు తిరిగి వచ్చి చేరారు. పద్మభూషణ్ 1991లో, పద్మవిభూషణ్ 2010లో వచ్చాయి. నలుగురు కుమార్తెలూ సంస్థ నిర్వహణలో ఉన్నారు. బిరుదుల సంగతి ఇంతటితో చాలు.

ఇక మాకు తోచింది కూడా చెప్పాలి. హూస్టన్‌కు పోలేక చనిపోయినవాడి కోసం ఆసుపత్రి కట్టారు. బాగుంది. మరి మద్రాసు బిల్లే కట్టలేనివాడి మాట? పడమటి దేశాల ఖర్చులో పదో వంతుకే ఇక్కడ వైద్యమని ఆ రోజుల్లో చెప్పేవారు. పదో వంతు అన్నది డాలర్లలో సంపాదించేవాడికి చవక. ధర్మపురిలో రెండెకరాలు ఉన్నవాడికి అది రెండెకరాలూ అమ్మే ఖర్చు. మన క్యాంపులలో ఉన్నవారిలో ఎంతోమంది నాయన గుండె ఆపరేషనుకు చేసిన అప్పు తీర్చడానికే గల్ఫు వచ్చారు. ఇది కట్టుకథ కాదు. ఏ గదిలో కూర్చుని అడిగినా ఒకరో ఇద్దరో చేయి ఎత్తుతారు. దీనికి డాక్టరు గారిని ఒక్కరినే నిలదీయడమూ న్యాయం కాదు. ఆసుపత్రి లేకపోతే అప్పు చేసే అవకాశమూ ఉండేది కాదు, నాయనా ఉండేవాడు కాదు.

ఈ ముడిని మరో ఇద్దరు డాక్టర్లు వేరే వైపుల నుంచి విప్పబోయారు. డాక్టర్ భూపతిరాజు సోమరాజు గారు గుంటూరులో, చండీగఢ్‌లో చదివిన గుండె నిపుణులు. హైదరాబాదు నిమ్స్‌లో పనిచేసి, 1997లో సహచర వైద్యులతో కలిసి కేర్ ఆసుపత్రిని నెలకొల్పారు. ధమనిని తెరిచి ఉంచే స్టెంటు అనే చిన్న లోహపు జాలీ పై దేశాల నుంచి వస్తూ ఉంటే, క్షిపణుల శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలాం గారితో కలిసి 1990లలో దేశీయంగా తయారు చేయించారు. కలాం–రాజు స్టెంటు అన్నది అదే. రాకెట్లకు వాడే లోహ విజ్ఞానం గుండెకు పనికి రావడం హైదరాబాదులోనే జరిగింది. స్టెంటుల ధరకు ప్రభుత్వం పగ్గం వేయడానికి మాత్రం 2017 ఫిబ్రవరి దాకా పట్టింది. లక్ష దాటి అమ్ముడుపోతున్న మందు పూత స్టెంటుకు 29,600 రూపాయలు, మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు అని అప్పుడు గరిష్ఠ ధర కట్టారు.

రెండో ఆయన డాక్టరుగా కంటె ముఖ్యమంత్రిగా తెలిసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు. పులివెందులలో రూపాయి ఫీజు డాక్టరుగా పేరు తెచ్చుకొన్నారు. ఆయన ప్రభుత్వం 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చింది. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయల దాకా పెద్ద జబ్బుల చికిత్స, అదీ కార్పొరేటు ఆసుపత్రులలో. అంటే మంచం ప్రైవేటుది, డబ్బు సర్కారుది. ప్రభుత్వ ఆసుపత్రులకు పోవలసిన సొమ్ము ఇటు పోయిందని విమర్శ ఉంది. ఆ విమర్శలో పస ఉంది. కాని గుండెలో రంధ్రంతో పుట్టిన కూలివాడి బిడ్డ జూబిలీ హిల్స్ మంచం మీద పడుకోగలిగిందీ దానివల్లనే.

ఇప్పుడు మన ఫ్రీ జోన్ సంగతికి వద్దాము. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం అదే గనుక.

యాభై రెండు దేశాలలో చేసిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద పరిశీలన ఉంది. దాని ఆధారంగా 2007లో వచ్చిన లెక్క ప్రకారం, మన దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకు వస్తుంటే, మిగతా దేశాల వారికి 59 ఏళ్లకు వస్తున్నది. ఆరేళ్లు ముందు. పొగాకు, కొవ్వు, రక్తపోటు, చక్కెర, పొట్ట, మనోవ్యథ, కూరగాయలు తినకపోవడం, ఒళ్లు వంచకపోవడం, వీటితోనే చాలా భాగం తేలిపోతుందని కూడా ఆ పరిశీలన చెప్పింది. ఇవి చదువుతూ ఉంటే మన గోడౌను షిఫ్టు మనిషి దినచర్య చదువుతున్నట్టే ఉంది. తెల్లవారుజామున బస్సు, మూడు పూటలా అన్నం, గంటకో కరక్ చాయ్, భోజనం కాగానే సిగరెట్టు, రాత్రి ఇంటికి ఫోను చేసి అప్పుల లెక్క విన్నాక పట్టని నిద్ర. బరువులు మోసేవాడికి వ్యాయామమెందుకని అంటారు. ఫోర్కులిఫ్టు మీద పన్నెండు గంటలు కూర్చునేవాడు ఏ బరువు మోస్తున్నాడు?

అందరూ పొరబడే విషయం ఇంకొకటి. వీసా మెడికల్ పాసయ్యాను, నాకేమీ లేదు అంటారు. ఆ పరీక్షలో చూసేది అంటువ్యాధులను. రక్తం తీసేదీ, ఛాతీ ఎక్స్‌రే తీసేదీ క్షయ వంటి వాటి కోసం. మీ కొవ్వు ఎంత, రక్తపోటు ఎంత, గుండె ధమనులు ఎలా ఉన్నాయి అన్నవి అందులో రావు. పదేళ్లుగా వీసా మెడికల్ పాసవుతూ వచ్చినవాడికి చక్కెర ఉన్నట్టు కళ్లు మసకబారాక తెలిసిన సందర్భాలు మన మధ్యనే ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్ద శత్రువు మన భాషలోనే ఉన్న ఒక మాట. గ్యాస్. ఛాతీ పట్టేసినట్టున్నా గ్యాస్, ఎడమ చేయి లాగుతున్నా గ్యాస్, దవడ నొప్పి పుట్టినా, చల్లని చెమటలు పట్టినా గ్యాసే. ఈనో కలుపుకొని తాగుతారు, సోడా తాగుతారు, వాము నములుతారు, గదిలో వాళ్లు వీపు నిమురుతారు. తెల్లారాక చూద్దామంటారు. పూడుకొన్న ధమనిని తెరిచే చికిత్స మొదటి గంటలలో చేస్తేనే గుండె కండరం మిగులుతుంది. తెల్లవారేసరికి ఆ కండరం చచ్చిపోయి ఉంటుంది. అలసటతో ఉన్న మనిషిని నిద్ర లేపి అంబులెన్సు పిలిస్తే, తీరా అది గ్యాసే అయితే నలుగురూ నవ్వుతారన్న సిగ్గు కూడా ఉంది. నవ్వనివ్వండి. నంబరు 998. గదిలో గోడ మీద వ్రాసి పెట్టండి, తెలుగు అంకెలలో వద్దు, అందరికీ తెలిసేలా.

డబ్బు సంగతి. దుబాయిలో 2013లో వచ్చిన 11వ నంబరు చట్టం ప్రకారం ఉద్యోగికి ఆరోగ్య బీమా యజమానే చేయించాలి. ఫ్రీ జోన్ కంపెనీలకూ మినహాయింపు లేదు. ఆ చట్టం కింద పెట్టిన కనీస పథకంలో పరిమితి ఏడాదికి 1,50,000 దిర్హాములు. ఆ కార్డు పెట్టెలో బట్టల కింద దాచేది కాదు. జేబులో ఉండాలి. ఏ ఆసుపత్రులు దాని జాబితాలో ఉన్నాయో బాగున్న రోజునే తెలుసుకొని ఉండాలి. 1979 నాటి ఆ మద్రాసు రోగికి ఆసుపత్రి ఏడు సముద్రాల అవతల ఉంది. మన వాడికి అంబులెన్సులో కొద్ది నిమిషాల దూరంలో ఉంటుంది. అయినా ఊరికి పోయి చూపించుకొంటానంటూ నొప్పిని ఆరు నెలలు మోస్తాడు, సెలవు దొరికేదాకా. ఊళ్లో నమ్మకమైన డాక్టరుంటాడు, పక్కన ఇల్లాలుంటుంది, నిజమే. యాంజియోగ్రాము తీరిగ్గా ఆలోచించి చేయించుకోదగ్గది అయితే ఊరికే పొండి. నడుస్తుంటే వచ్చి, కూర్చుంటే తగ్గే నొప్పి కాస్తా కూర్చున్నప్పుడు కూడా రావడం మొదలెట్టిందంటే విమానం టిక్కెట్టు కొనే వేళ కాదది.

మరల అరగొండ. 2000 సంవత్సరం మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదు వచ్చినప్పుడు, అరగొండలోని అపోలో ఆసుపత్రికి ఉపగ్రహం ద్వారా వైద్యం అందించే ఏర్పాటును ప్రారంభించారు. ఊళ్లో రోగి ఈ.సీ.జీ. తీస్తారు, పట్నంలో నిపుణుడు తెర మీద చూసి సలహా చెబుతాడు. ఆనాడు అది వింత. ఇప్పుడు మన క్యాంపులో ఎవరికైనా ఈ.సీ.జీ. తీస్తే ఆ కాగితం ఫొటో క్షణంలో హైదరాబాదులో ఉన్న బావమరిది ఫోనుకు, అతని నుంచి అతనికి తెలిసిన డాక్టరుకు పోతూ ఉంటుంది. అది చేస్తూనే ఉండండి. కాకపోతే ముందు ఇక్కడి ఎమర్జెన్సీకి మనిషిని చేర్చి, తరువాత ఫొటో పంపండి. ఈ మధ్య మన సభ్యుల్లో ఒకరి విషయంలో ఫొటో ముందు పోయింది, మనిషి నలభై నిమిషాల తరువాత బయలుదేరాడు. బతికాడు. ఇప్పుడు తేలిక పనిలో ఉన్నాడు. సాయంత్రాలు గేటు దాకా నడుస్తున్నాడు.